ఎవరికీ అక్కర్లేని నలభై మూడు మీటర్లు

హలో... హలో, వినపడుతోందా? ఆఁ, నేనే. అందరూ కులాసాయేనా? టిఫిన్లు అయ్యాయా? అయితే పొయ్యి మీద ఏమైనా ఉంటే దించేసి వచ్చి కూర్చోండి, ఒక కథ చెబుతాను. మధ్యలో సిగ్నల్ పోతే పోనివ్వండి, కథ ఎక్కడికీ పోదు. ఇందులో ఒక రోడ్డుంది. రోడ్డు పక్కన ఒక టీ కొట్టుంది. కొట్టులో అసిరమ్మ ఉంది. ఒకరోజు పొద్దున్న ఆ రోడ్డూ, ఆ కొట్టూ, ఆ అసిరమ్మా రాష్ట్రంలో లేకుండా పోయారు. వాళ్ళెక్కడికీ వెళ్ళలేదండీ. ఉన్నచోటే ఉన్నారు. రాష్ట్రమే వాళ్ళని వదిలేసి పక్కకు తప్పుకుంది.

ఈదులవలసకీ కొమరపేటకీ మధ్య మూడు కిలోమీటర్ల తారు రోడ్డు. ఒకప్పుడు రెండూ ఒకే జిల్లా. జిల్లాలు చీలినప్పుడు ఈదులవలస ఒక జిల్లాలో, కొమరపేట పక్క జిల్లాలో పడ్డాయి. రోడ్డుకి సగంలో, ఈదులవలస వైపు ఒక తాటిమొద్దు, కొమరపేట వైపు ఒక కల్వర్టు. ఆ రెండింటి మధ్యన అసిరమ్మ టీ కొట్టు. పైన రేకులు, ముందు రెండు బల్లలు, ఒక పొయ్యి, ఒక తవిటయ్య. తవిటయ్య అసిరమ్మ మొగుడు. గ్లాసులు కడుగుతాడు. మాట్లాడే పని అసిరమ్మ చూసుకుంటుంది. కొట్టు వెనకాలే కాపురం. వాళ్ళకి సెంటు పొలం లేదు, ఊళ్ళో గూడు లేదు. ఉన్నదల్లా ఆ రేకులే.

ఇరవై ఆరేళ్ళుగా ఆ కొట్టుని ఎవరూ కదపలేదంటే, ఆ చోటు మాదని ఎవరూ అనకపోవడం వల్లే. మనవాళ్ళు జానెడు గట్టు కోసం తలలు పగలగొట్టుకుంటారు కదా, ఆ చోటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండు ఊళ్ళూ దానకర్ణులైపోతాయి. "మాది కాదు, మీదే" అంటే, "అయ్యో ఎంతమాట, మీదే తీసుకోండి" అంటారు.

దానికో కారణముంది. ఏటా గ్రామదేవత జాతర అయ్యాక ఊళ్ళో ఉన్న రోగం రొష్టూ, దిష్టీ దెయ్యం అన్నీ ఒక కుండలోకి ఎక్కించి, పసుపన్నం పోసి, పాత చేటా చీపురూ జతచేసి, డప్పులతో తీసుకెళ్ళి పొలిమేర అవతల వదిలేస్తారు. వదిలాక వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే వదిలింది వెంటబడి వస్తుందట. ఈదులవలస వాళ్ళు తాటిమొద్దు దాటి వదులుతారు, ఎందుకంటే మొద్దుతో వాళ్ళ పొలిమేర అయిపోయింది. కొమరపేట వాళ్ళు కల్వర్టు దాటి వదులుతారు, ఎందుకంటే కల్వర్టుతో వాళ్ళ పొలిమేర అయిపోయింది. రెండు ఊళ్ళ రోగాలూ అసిరమ్మ కొట్టు ముందు కొలువుంటాయి. మర్నాడు పొద్దున్న రెండు ఊళ్ళ పెద్దలూ ఆ కుండల పక్కనే బల్లల మీద కూర్చుని టీ తాగుతారు.

ఇలా సుఖంగా నడుస్తుండగా రాజధానిలో ఒక కమిటీకి ఒక ఆలోచన వచ్చింది. రాష్ట్రంలో ఇన్ని వేల పంచాయతీలున్నాయి, ప్రతిదాని దగ్గరా తన రోడ్ల వివరం ఉంది. అవన్నీ ఒకచోట పోసి కలిపితే రాష్ట్రమంతటికీ ఒకే రోడ్ల పటం తయారవుతుంది. అంబులెన్సు నుంచి బస్సు దాకా అందరూ అదొక్కటే చూసుకుని నడవచ్చు. ఆలోచన మంచిదే. దానికి 'రాష్ట్ర ఏకీకృత మార్గ సమాచార నిధి' అని పేరు పెట్టారు. ఆ పేరు ఎవరికీ నోరు తిరక్క ఏకపటం అన్నారు. ఏకపటానికి ఒకే నియమం: స్థానిక సంస్థ ధ్రువీకరించినదే రోడ్డు, ధ్రువీకరించనిది రోడ్డు కాదు.

ఈదులవలస పంచాయతీ సెక్రటరీ జోగినాయుడు టేపు పట్టుకుని కొలుచుకుంటూ వచ్చాడు. ధ్రువీకరణ సంతకం కోసం ఊరిపెద్ద సన్యాసినాయుడు వెంట వచ్చాడు. తాటిమొద్దు దగ్గరికి రాగానే పెద్దాయన కర్ర అడ్డం పెట్టాడు.

"ఆగాగు సెక్రటరీ బావూ. టేపు అక్కడ ఆపీ."

"అదేటండి నాయుడుగారూ, రోడ్డింకా ఉంది కదా? ఆ కల్వర్టు దాకా కొలిసీస్తే ఓ పనైపోద్ది."

"నీకు పనైపోద్ది. మాకు ఊరైపోద్ది. నిరుడు పంపిన కలరా అక్కడే ఉంది. దాన్ని మా ఊరి లెక్కలో రాసీసి, మల్లీ ఇంటికి పిలిసీమంటావా?"

"కలరా రాయమండి, రోడ్డొక్కటే రాస్తాం."

"రోడ్డు మీదే కదయ్యా ఉంది కలరా!"

జోగినాయుడు మొద్దు దగ్గర టేపు చుట్టేశాడు. మర్నాడు అవతలి జిల్లా నుంచి కొమరపేట సెక్రటరీ వచ్చింది. వాళ్ళ పెద్ద అప్పలస్వామి కల్వర్టు మీద అడ్డంగా కూర్చుని ఇదే మాట అన్నాడు. కాకపోతే ఆయన కలరా అనలేదు, పశువుల గాలికుంటు అన్నాడు. అసిరమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఇద్దరికీ టీ పోసి, రెండు వాదాలూ విని, "రెండూళ్ళ రోగాలూ నా కాడ పెట్టీసి, టీలో పంచదార తక్కువైందని నన్ను తిడతారు" అని నవ్వుకుంది. అప్పటికి ఆమెకి నవ్వొచ్చింది.

నెల తిరక్కుండా ఏకపటం వచ్చేసింది. తాటిమొద్దు దాకా ఒక గీత. కల్వర్టు నుంచి ఇంకో గీత. మధ్యలో నలభై మూడు మీటర్లు తెల్లగా, పాలల్లో కడిగినట్టు ఖాళీ.

సోమవారం పొద్దున్న పట్నం బస్సు తాటిమొద్దు దగ్గర ఆగింది. రోజూ అది ఈదులవలస మీదుగా కొమరపేట దాటి అవతలి పట్నం దాకా పోయే బస్సు. డ్రైవరు ఇంజను ఆపేసి చేతులు కట్టుకున్నాడు.

"దిగండమ్మా, దిగండి. రోడ్డయిపోయింది."

"అదేటి బాబూ, కళ్ళెదురుగా అలగ పడుకునున్నాది కదా రోడ్డు!" అంది గంప మోసుకెళ్ళే ముసలమ్మ.

"నీ కళ్ళెదురుగా ఉంటే సరిపోదు. ఇందులో ఉండాలి" అని డ్రైవరు తన ముందున్న చిన్న టీవీ లాంటిది చూపించాడు. "రోడ్డు లేని చోట బస్సు నడిపితే పొలంలోకి పోనిచ్చినట్టు. నా ఉద్యోగం పోతుంది."

అటు కల్వర్టు దగ్గర అవతలి జిల్లా బస్సు వచ్చి ఆగింది. ఇటువాళ్ళు దిగి అటూ, అటువాళ్ళు దిగి ఇటూ నడిచారు. మధ్యలో అసిరమ్మ కొట్టు. నడిచినవాడు టీ తాగకుండా పోతాడా? మూడు రోజుల్లో తవిటయ్య గ్లాసులు కడగలేక చేతులు నానిపోయి కూర్చున్నాడు. నాలుగో రోజు ఒక పెళ్ళిబస్సు ఆగింది. పెళ్ళికొడుకు తలపాగా సవరించుకుంటూ, సన్నాయి వెంటరాగా, రాష్ట్రం బయట నలభై మూడు మీటర్లు నడిచి మళ్ళీ రాష్ట్రంలోకి వచ్చి పెళ్ళి చేసుకున్నాడు.

"నక్క తోక తొక్కినాం కావాల" అన్నాడు తవిటయ్య. ఆ ఏడాదికి అతను మాట్లాడింది అదొక్కటే.

ఎనిమిదో రోజు అంబులెన్సు ఆగింది. కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషిని నలుగురు పట్టుకుని, ఎండలో, అటు నుంచి ఇటు మోసుకొచ్చారు. ఆ మనిషి బతికి బయటపడ్డాడు లెండి, కంగారు పడకండి. కానీ మోసేవాళ్ళు కాస్త ఊపిరి పీల్చుకోవడానికి అతన్ని దింపింది అసిరమ్మ బల్ల మీదే. ఆ పూట ఆమె గల్లాపెట్టె వైపు చూడలేకపోయింది.

"ఇలగ వొచ్చిన బేరం మనకొద్దు. కొట్టు ముందర బస్సు ఆగాల గాని రోడ్డు ఆగకూడదు" అని, మర్నాడే కోక మార్చుకుని, అర్జీ రాయించుకుని జిల్లా పట్నానికి బయల్దేరింది.

ఏకపటం జిల్లా ఆఫీసు కొత్త కాలనీలో ఉంది. ఆటో అబ్బాయి ఫోనులో వెతికి వెతికి తల గోక్కున్నాడు. "అమ్మా, ఈ వీధి పటంలో లేదు. ఇది టౌనోళ్ళది కాదు, హౌసింగోళ్ళది అంటారు టౌనోళ్ళు. హౌసింగోళ్ళు టౌనోళ్ళది అంటారు. నేను రాను." చివరికి ఆఫీసు ముందు వేరుశనక్కాయలు అమ్మేవాడిని అడిగి దారి కనుక్కుంది.

లోపల కంప్యూటరు ముందున్నాయన తల ఎత్తకుండా అడిగాడు. "జిల్లా?"

"అదే తెలక వొచ్చినాను బాబూ."

"మండలం?"

"అదీ తెల్దు."

"ఊరు?"

"తాటిమొద్దుకి అవతల, కల్వర్టుకి ఇవతల."

ఆయన ఎలుకని అటూ ఇటూ తిప్పాడు. "అది లిస్టులో లేదమ్మా. ఉన్న ఊళ్ళలో నీకు నచ్చింది ఒకటి చెప్పు, అది పెట్టేస్తాను."

"నచ్చిందంటే మా కన్నోరి ఊరు" అంది అసిరమ్మ. కన్నవారి ఊరు పెట్టేశాడు. ఆ అర్జీ రెండు వారాలు అసిరమ్మ పుట్టినూరు చుట్టూ తిరిగి, అక్కడ అసిరమ్మా లేదు, టీ కొట్టూ లేదని రుజువయ్యాక, జిల్లా మార్గ సమన్వయాధికారి విద్యాధరరావు గారి బల్ల మీదకి చేరింది.

విద్యాధరరావు గారు సామాన్యులు కాదు. నిద్రలో కూడా ఫైలుభాషలోనే గురక పెడతారని ప్రతీతి. ఆయన అర్జీ చదివి, పటం చూసి, తాటిమొద్దు దగ్గర తీసిన ఫొటో చూసి, సిబ్బందిని సమావేశపరిచారు.

"పటానికీ నేలకీ నలభై మూడు మీటర్ల మేర వ్యత్యాసం నెలకొని యున్నట్లు ఈ కార్యాలయం దృష్టికి వచ్చియున్నది. తప్పు ఎవరిది?"

జోగినాయుడు లేచి, "సార్, పటంలో ఆ ముక్క చేర్చేస్తే..." అన్నాడు.

"కూర్చోండి. పటం రాష్ట్రమంతటికీ ఒక్కటే. రోడ్లు లక్ష. ఒక్కటి లక్షని బట్టి మారాలా, లక్షా ఒక్కదాన్ని బట్టి మారాలా?"

అందరూ తలలూపారు. లెక్క సరిగ్గానే ఉన్నట్టనిపించింది.

"పటాన్ని ముఖ్యులు ఆవిష్కరించారు. నేలని ఎవరూ ఆవిష్కరించలేదు. కావున తప్పు నేలదే. నేలని సరిదిద్దవలెను."

వారంలో ఉత్తర్వు వచ్చింది. జోగినాయుడే తెచ్చాడు. అప్పటికే అతను తాటిమొద్దు దాటడం మానేశాడు. టీ కావాలంటే మొద్దు దగ్గర నిలబడి కేక వేస్తాడు, తవిటయ్య పట్టుకెళ్ళి ఇస్తాడు. ఎందుకలా అని ఎవరైనా అడిగితే, "హాజరండి, హాజరు" అంటాడు తప్ప వివరం చెప్పడు. ఆ రోజు కూడా అక్కడి నుంచే గట్టిగా చదివాడు.

"పటంలో లేని సదరు నలభై మూడు మీటర్ల తారును పెళ్ళగించి, నేలను పూర్వస్థితికి తెచ్చి, సదరు స్థలమందు గల పటరహిత కట్టడమును అనగా టీ దుకాణమును ఏడు దినములలో తొలగించవలసినదిగా..."

అసిరమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "రోడ్డు కలపమని కదా నాను అర్జీ పెట్టినాను?"

"అర్జీ పరిష్కారమైపోయిందని మీ ఫోనుకి మెసేజీ వచ్చుంటుంది, చూసుకోండి అప్పా" అన్నాడు జోగినాయుడు, నేల చూపులు చూస్తూ. నిజంగానే వచ్చింది. మీ సమస్య సంతృప్తికరంగా పరిష్కరించబడినది, ధన్యవాదములు అని.

తవిటయ్య కొట్టు రేకుల వైపు చూశాడు. తర్వాత అసిరమ్మ వైపు చూశాడు. మళ్ళీ గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు. కడిగిన గ్లాసులే కడిగాడు.

ఉత్తర్వు ఆగే దారి ఒకటుందని జోగినాయుడు చల్లగా చెవిన వేశాడు. రెండు ఊళ్ళలో ఏదో ఒకటి ఆ చోటు మాదని సంతకం పెడితే చాలు. అసిరమ్మ ముందు సన్యాసినాయుడి అరుగెక్కింది.

"నాయుడుబావా, ఒక్క సంతకం. నా కొట్టు నిలబడతాది."

"నీ కొట్టు నిలబడతాది గాని నా ఊరు పడిపోద్ది. అమ్మవారికి ఏటని సెప్తాను? మొన్న పంపిన రోగం మాదే, తప్పయిపోనాది, తిరిగి తెచ్చీసుకున్నాం అనా?"

"ఆ రోగాల మజ్జెనే కూకుని ఇరవయ్యారేళ్ళుగా టీ తాగుతన్నావు కదేటి! అప్పుడు నీకంటనేదా?"

సన్యాసినాయుడు కాస్త ఆలోచించి, "ఒలే అసిరీ, తాగటం వేరు, ఒప్పుకోటం వేరు" అన్నాడు.

కొమరపేటలో అప్పలస్వామి అంతకన్నా మర్యాదస్తుడు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, "నువ్వు నా కూతురు లాంటిదానివి, కావాలంటే మా పశువుల పాకలో కొట్టెట్టుకో. సంతకం మాత్రం అడక్కు" అన్నాడు.

"పాక ముందర బస్సు ఆగుద్దేటి మావా?"

"పశువులు ఆగుతాయి" అన్నాడాయన, చాలా శ్రద్ధగా.

ఏడో రోజు వచ్చింది. వైశాఖ మాసపు ఎండ. జాతరలయ్యి పది రోజులే కావడంతో కొట్టు ముందు రెండు ఊళ్ళ కుండలూ ఇంకా పసుపు ఆరకుండా ఉన్నాయి. తొమ్మిదింటికి తాటిమొద్దు దగ్గరికి ఒక జేసీబీ వచ్చి ఆగింది. కల్వర్టు దగ్గరికి పక్క జిల్లా నుంచి ఇంకోటి వచ్చి ఆగింది. రెండూ తొండాలు ఎత్తుకుని పోట్లగిత్తల్లా ఎదురెదురుగా నిలబడ్డాయి. ఏదీ అడుగు ముందుకు వేయలేదు.

"తవ్వవేటి?" అని అరిచాడు ఇటు డ్రైవరు.

"మా జిల్లా కల్వర్టు దాకానే. అక్కడ తవ్వితే నా మీద కేసు. నువ్వు తవ్వు!" అని అరిచాడు అటు డ్రైవరు.

"మా జిల్లా మొద్దు దాకానే!"

తవ్వడానికి ఆ చోటు ఏదో ఒక జిల్లాలో ఉండాలి కదా. లేదు. ఇద్దరూ బళ్ళు దిగి నడుచుకుంటూ వచ్చి బల్ల మీద కూర్చున్నారు. అసిరమ్మ రెండు టీలు పెట్టింది.

"మమ్మల్ని తిట్టుకోకు అప్పా."

"తాగండి బాబూ. కూలగొట్టడానికైనా ఒంట్లో సత్తువుండాల కదా" అంది.

పదిన్నరకి విద్యాధరరావు గారి జీపు వచ్చింది. సారు దిగి, రెండు యంత్రాలూ ఖాళీగా ఉండటం చూసి, మొద్దు దగ్గరే నిలబడి అరగంట సేపు ఫోన్లు చేశారు. పరిధిలో లేని స్థలాన్ని తవ్వే అధికారం ఎవరికుంటుందని రాజధానిని అడిగారు. రాజధాని పరిశీలిస్తామంది. తల మీద ఎండ పెళపెళలాడుతోంది. ముప్పై అడుగుల దూరంలో రేకుల నీడ. నీడలో అల్లం దంచి వేసిన టీ మరుగుతోంది. గాలి ఇటే వీస్తోంది.

"సార్, ఒక్క మాట..." అన్నాడు జోగినాయుడు.

"తర్వాత."

"అటు వెళ్ళకండి సార్, మీ ఫోను..."

"నేను గజిటెడు అధికారిని. టీ తాగడానికి కింది స్థాయి అనుమతి అక్కర్లేదు" అని సారు మొద్దు దాటి, కుండల పక్కగా మడమలెత్తి నడిచి, బల్ల మీద కూర్చున్నారు.

అసిరమ్మ ఒక్క క్షణం చూసింది. ఇల్లు కూల్చడానికి వచ్చినవాడికి టీ పోయాలా అని చెయ్యి ఆగింది. ఎండన పడి వచ్చినవాడికి లేదనే అలవాటు ఆ చేతికి లేదు. పోసింది. సారు ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నారు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

అదేమిటంటే, ఉద్యోగి ఎక్కడున్నాడో ఏకపటంలో చూసి హాజరు వేసే ఏర్పాటు. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి, మధ్యలో దానికి బుద్ధి పుట్టినప్పుడు ఒకసారి ముఖం చూపించాలి. సారు టీ గ్లాసు పక్కన పెట్టి, మీసం తుడుచుకుని, ముఖం చూపించారు. ఫోను కాసేపు ఆలోచించి, ఆడగొంతుతో మర్యాదగా చెప్పింది: "మీరు ప్రస్తుతం రాష్ట్రంలో లేరు. అనుమతి లేకుండా రాష్ట్రం విడిచి వెళ్ళినందుకు ఈ దినము గైరుహాజరు. సాయంత్రం ఐదు గంటలలోగా సంజాయిషీ ఇవ్వనిచో సర్వీసు పుస్తకంలో నమోదగును."

సారు లేచి మొద్దు దాకా పరిగెత్తారు. చాలా కాలం తర్వాత పరిగెత్తారని ఆ పరుగే చెప్పింది. మొద్దు అవతల నిలబడి మళ్ళీ ముఖం చూపించారు. "ఈ దినము మీ అవకాశము ముగిసినది" అంది ఫోను. పై అధికారికి ఫోను కలిపారు. అక్కడున్న వాళ్ళకి ఇటు మాటలే వినిపించాయి.

"లేదు సార్, రాష్ట్రం దాటలేదు సార్... టీ సార్... కాదు సార్, పక్క రాష్ట్రం టీ కాదు సార్, మన అల్లం టీయే... ఇక్కడే ఉన్నాను సార్, ఈ అడుగు మన రాష్ట్రం, ఆ అడుగు కాదు సార్... అవును సార్, పటం తప్పు చెప్పదని నేనే అన్నాను సార్... నేల తప్పని కూడా నేనే రాశాను సార్..."

ఫోను పెట్టేసరికి సారు మొహం వడగట్టేసిన టీపొడిలా ఉంది. "జోగినాయుడూ, ఈ నలభై మూడు మీటర్లు సాయంత్రం ఐదులోగా పటంలో ఉండాలి. పొద్దున్న పదిన్నర నుంచీ ఉన్నట్టుగా ఉండాలి. ఊరిపెద్దల్ని పిలవండి!"

పెద్దలు వచ్చారు. సన్యాసినాయుడు మొద్దు దాటి రాలేదు. అప్పలస్వామి కల్వర్టు దిగలేదు. రోజూ దాటేవాళ్ళే, ఆ పూట దాటితే ఒప్పుకున్నట్టవుతుందని భయం. సారు రెండు చివర్లకీ తిరుగుతూ బతిమాలారు. మొద్దు దగ్గర రోడ్డు విశాలం చేయిస్తానన్నారు. కల్వర్టు దగ్గర దీపాలు పెట్టిస్తానన్నారు.

"కావాలంటే జైల్లో ఎట్టండి బాబూ. సంతకం ఎట్టం" అని రెండు వైపుల నుంచీ ఒకే మాట వచ్చింది. ఆ రెండు ఊళ్ళూ ఒక మాట మీద నిలబడటం అదే మొదలు.

సారు బల్ల మీద కూలబడ్డారు. అసిరమ్మ ముందుకొచ్చింది.

"బాబూ, తెలక అడుగుతన్నాను. ఆ సంతకం ఊరోళ్ళే ఎట్టాలా?"

"స్థానిక సంస్థ పెట్టాలి."

"స్థానిక సంస్థంటే ఏటి?"

సారుకి ఎంత దిగులున్నా నిర్వచనం అడిగితే ప్రాణం లేచొస్తుంది. "స్థానిక సంస్థ అనగా, నిర్ణీత భూభాగము, అందు నివసించు జనాభా, క్రమం తప్పని సమావేశములు, ఒక ముద్ర కలిగియుండునది."

అసిరమ్మ వేళ్ళు మడిచింది. "బూమి అదిగో, మొద్దు కాడి నుంచి కల్వర్టు దాకా. జనాభా, నానూ ఈయనా. సమావేశం రోజూ పొద్దున్న ఆరింటికి, ఈ బల్ల మీద. ఆ పెద్దలిద్దర్నీ అడగండి, ఒక్క రోజైనా తప్పినాదేమో."

సారు జేబులోంచి నియమావళి తీసి తిరగేశారు. ఎక్కడా కుదరదని లేదు. "కొలత కావాలి" అన్నారు నెమ్మదిగా.

జోగినాయుడు టేపు కొస మొద్దు దగ్గర మేకుకి తగిలించాడు. రెండో కొస పట్టుకుని ఎవరు నడవాలి? దారిలో కుండలున్నాయి. పసుపన్నం, చేటలు, చీపుళ్ళు, రెండు ఊళ్ళ పాపం. చుట్టూ తిరిగి వెళ్తే కొలత వంకరపోతుంది. జేసీబీ డ్రైవర్లు తలలు తిప్పుకున్నారు. జోగినాయుడికి నిన్ననే జ్వరం తగ్గిందట. తవిటయ్య టేపు అందుకుని, నాలుగడుగులు వేసి, మొదటి కుండ దగ్గర ఆగిపోయాడు.

"ఒలే అసిరీ, దాటకే!" అని మొద్దు దగ్గర నుంచి సన్యాసినాయుడు అరిచాడు. "దాటితే ఆ రోగాలన్నీ నీకంటుకుంటాయి!"

అసిరమ్మ మొగుడి చేతిలోంచి టేపు తీసుకుంది.

"ఇరవయ్యారేళ్ళు వాటి పక్కనే వండినాను, తిన్నాను, పడుకున్నాను. నన్ను కూల్చడానికి రోగమొచ్చిందా బావా? కాయితమొచ్చినాది" అని, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మొదటి కుండ దాటింది. చేట దాటింది. రెండో కుండ దాటింది. ఎక్కడా వంగలేదు, ఆగలేదు. డప్పు లేదు, సన్నాయి లేదు. కల్వర్టు రాయికి టేపు ఆనించి, అప్పలస్వామి మొహంలోకి చూసి, "సదువు మావా" అంది.

అప్పలస్వామి కాళ్ళు వెనక్కి ముడుచుకుని, వంగి చూశాడు. "నలభై మూడు."

కాగితం రాశారు. సంస్థ పేరు: అసిరమ్మ టీ కొట్టు. అధ్యక్షురాలు: అసిరమ్మ. ప్రజలు: తవిటయ్య. ఆమె వేలిముద్ర వేసింది. ఇక ముద్ర కావాలి. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటుండగా తవిటయ్య, కడగని టీ గ్లాసు ఒకటి తెచ్చి కాగితం మీద టప్పున పెట్టి తీశాడు. చక్కగా, గుండ్రంగా, ఎర్రటి ముద్ర పడింది. మధ్యలో ఏమీ లేదు. విద్యాధరరావు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ కార్యాలయపు ముద్రకీ తీసిపోదు" అని సంతకం చేశారు.

నాలుగూ యాభైకి రెండు గీతలూ కలిశాయి. ఐదుకి ముందే సారు రాష్ట్రంలోకి తిరిగొచ్చారు. ఐదున్నరకి బస్సు మొద్దు దాటింది. అసిరమ్మ చెయ్యి ఎత్తితే కొట్టు ముందు ఆగింది, టీలు తాగి కదిలింది. కొట్టు సంగతంటారా? స్థానిక సంస్థ ప్రధాన కార్యాలయాన్ని కూల్చే అధికారం ఈ కార్యాలయానికి లేదని సారే రాసిచ్చారు. ఆ కాగితం మడతపెట్టి అసిరమ్మ పంచదార డబ్బా మూత కింద దాచుకుంది.

ఏడాది తిరిగింది. మళ్ళీ జాతరలు. డప్పులతో ఈదులవలస వాళ్ళు మొద్దు దాకా వచ్చారు, కొమరపేట వాళ్ళు కల్వర్టు దాకా వచ్చారు. కుండలు నెత్తిన ఉన్నాయి. అసిరమ్మ రోడ్డు మధ్యన కుర్చీ వేసుకుని కూర్చుంది, ఒళ్ళో పంచదార డబ్బా.

"ఇది మా ఊరు. మీ రోగాలు మా ఊల్లో వొదల్డానికి నేదు."

"అదేటే అసిరీ! మరెక్కడ వొదలమంటావు?" సన్యాసినాయుడికి ఏడుపొక్కటే తక్కువ. కుండ ఎత్తాక మళ్ళీ ఊళ్ళో దించకూడదు కదా.

"పటం ఉంది కదా బావా. అందులో ఎవలిదీ కాని చోటు ఎక్కడుందో సూసుకుని ఎల్లండి."

అందరూ జోగినాయుడి మీద పడ్డారు. అతను ఫోను తీసి, అటు జరిపి, ఇటు జరిపి, ఒకచోట ఆగాడు. అసిరమ్మ కుర్చీలోంచే ఓరగా చూసింది. ఆమెకి ఆ చోటు తెలుసు. వేరుశనక్కాయల వాడిని అడిగి కనుక్కున్న చోటు.

ఆ పొద్దున్న బస్సులో రెండు ఊళ్ళ కుండలూ, చేటలూ, చీపుళ్ళూ, డప్పులూ కలిసి ప్రయాణం చేశాయి. కండక్టరు కుండలకి టిక్కెట్టు అడగలేదు, దగ్గరికే రాలేదు. జిల్లా పట్నంలో దిగి, కొత్త కాలనీలో, పటంలో లేని ఆ వీధిలో, ఏకపటం ఆఫీసు గేటు ముందు పెద్దలిద్దరూ కుండలు దించారు. అప్పుడే విద్యాధరరావు గారి జీపు వచ్చింది. "ఏమిటిది? ఎవరిదిది? ఇక్కడెవరు పెట్టమన్నారు?" అని ఆయన వెనకాల నుంచి కేకలు వేస్తూనే ఉన్నారు.

ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. చూడకూడదు కదా.

ఆఁ, వింటున్నారా? అయిపోయింది. ఇంక నా మాట ఒక్కటి. విన్నారు కదా, ఈ కథ మీ దగ్గరే అట్టిపెట్టుకోకండి, మంచిది కాదు. మీ పొలిమేర దాటించి, అవతలి వాళ్ళ గ్రూపులో వదిలేయండి. చుట్టాలుంటే చుట్టాలకి, ఆఫీసువాళ్ళుంటే తప్పకుండా ఆఫీసువాళ్ళకి. వదిలేశాక మాత్రం వెనక్కి తిరిగి చూడకండేం. ఉంటాను మరి.